పసిపాప పక్క: 'సహజం' అని రాసుంటే సరిపోతుందా?

మీ ప్రశ్న చదివాను. పాపకి 7 నెలలు, బాబుకి మూడేళ్ళు దాటాయి. ఫోమ్ వద్దనుకుని ఇద్దరికీ సహజమైన పరుపులు, దుప్పట్లు వెతుకుతున్నారు. ఒక 'ఆర్గానిక్' సెట్టు మీకు నచ్చింది. అందులో పరుపుతో పాటు చిన్న దిండు, బొంత, క్రిబ్ (నాలుగు వైపులా కమ్మీలుండే పసిపిల్లల మంచం) కమ్మీల చుట్టూ కట్టే మెత్తలు కూడా ఉన్నాయి. ఈలోగా మీ అత్తగారు పాప కోసం బూరుగు దూది పరుపు కుట్టించి పంపారు. ఏది వాడాలి, ఏది పక్కన పెట్టాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పాపకి గట్టిగా, చదునుగా, క్రిబ్‌లో సందు లేకుండా పట్టే పరుపు ఒకటి, దాని మీద బిగుతుగా తొడిగే నూలు దుప్పటి ఒకటి చాలు. దిండు, బొంత, మెత్తలు ఏవీ వద్దు. అత్తగారి బూరుగు పరుపు బాబుకి చక్కగా పనికొస్తుంది, పాపకి ఇప్పుడే వద్దు. ఆ సెట్టు కొనకండి. అందులోని పరుపు విడిగా అమ్మితే, కింద చెప్పినట్టు పరీక్షించి తీసుకోవచ్చు.

ఇది చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటంటే, పిల్లల వార్డులో ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేశాను. మా నాన్నగారు దూది ఏకి పరుపులు కుట్టేవారు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని టాకాలు వేసిన దాన్ని. కాబట్టి సహజమైన దూది మీద నాకు ప్రేమ ఎక్కువే. అయినా ఈ మాట గట్టిగా చెప్తున్నాను: ఏడాది లోపు బిడ్డకి పరుపు దేనితో చేశారన్నది రెండో ప్రశ్న. అది ఎంత గట్టిగా ఉంది, ఎంత చదునుగా ఉంది, దాని మీద ఇంకా ఏమేం ఉన్నాయి అన్నది మొదటి ప్రశ్న.

మనం పరుపు మీద చెయ్యి వేసి 'ఎంత మెత్తగా ఉందో' అని మురిసిపోతాం. మన ఒంటికి ఆ మెత్తదనం సుఖమే. కానీ పసిబిడ్డకి ఒంటితో పోలిస్తే తల బరువు, మెడకి బలం తక్కువ. బోర్లా పడినప్పుడు ముఖం మెత్తటి దానిలో కూరుకుపోతే ముక్కు చుట్టూ చిన్న గుంట ఏర్పడుతుంది. బిడ్డ వదిలిన గాలి ఆ గుంటలోనే నిలిచి మళ్ళీ లోపలికి పోతుంది. ఊపిరి ఊపిరికీ ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు గాలి పెరుగుతుంది. పెద్దవాళ్ళకైతే ఉక్కిరిబిక్కిరై మెలకువ వస్తుంది. కొందరు పసిపిల్లల్లో ఆ మెలకువ సమయానికి రాదు. ఏడుపూ ఉండదు, చప్పుడూ ఉండదు. ఆ గుంట ఆర్గానిక్ పత్తిలో ఏర్పడినా ఫోమ్‌లో ఏర్పడినా బిడ్డకి తేడా లేదు.

1980ల చివర్లో అమెరికాలో సన్నటి థర్మాకోల్ పూసలు నింపిన మెత్తలు పసిపిల్లల కోసమే అమ్మారు. వాటి మీద బోర్లా పడుకోబెట్టిన పిల్లలు ఊపిరాడక చనిపోయారు. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ 1992లో వాటిని నిషేధించింది. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో అక్కడ పెద్ద ప్రచారం మొదలైంది. తర్వాతి కొన్నేళ్ళలో నిద్రలో కారణం తెలియకుండా పోయే పసిపిల్లల సంఖ్య సగానికి సగం తగ్గింది. కొత్త మందు ఏదీ రాలేదు, పడుకోబెట్టే తీరు మారింది అంతే.

నా ఇంట్లో జరిగింది కూడా చెప్తాను. మా పెద్దవాడికి అయిదో నెల. నాన్నగారు కుట్టిన వాటిలో అన్నిటికంటే మెత్తటి బొంత నాలుగు మడతలు వేసి వాడిని పడుకోబెట్టాను. రెండు నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళొచ్చేసరికి బోర్లా తిరిగి ఉన్నాడు. ముఖం బొంతలో పూర్తిగా దిగిపోయింది. ఏడవడం లేదు. ఎత్తుకుంటే నుదురంతా చెమట, ఒక్క క్షణం తర్వాత పెద్దగా ఊపిరి తీసి ఏడ్చాడు. వాడికి ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్నగారితో చెప్తే ఆయన ఒక్క మాట అనలేదు. మర్నాడు అదే కొలతలో మామూలు కంటే రెట్టింపు పత్తి దట్టించి, బెత్తెడుకో టాకా వేసి, పలకలాంటి పరుపు కుట్టి ఇచ్చారు. వాడు నడిచేదాకా దాని మీదే పడుకున్నాడు.

గట్టిదనం చూడటం ఇలా. అరచేయి పరుపు మధ్యలో పెట్టి బలంగా నొక్కి తీసెయ్యండి. గుంట వెంటనే పోవాలి. చెయ్యి తీశాక అచ్చు కనిపిస్తూ ఉంటే అది పసిబిడ్డకి పనికిరాదు. పడుకున్నప్పటి ఆకారాన్ని గుర్తుంచుకుంటుందని గొప్పగా చెప్పే మెమరీ ఫోమ్ ఇందుకే వద్దు. తర్వాత నాలుగు అంచులూ నొక్కండి. చాలా పరుపులు మధ్యలో బాగుండి అంచుల్లో దిగబడతాయి, దొర్లే పిల్లలు చేరేది అంచులకే. పరుపుకీ క్రిబ్‌కీ మధ్య మీ రెండు వేళ్ళు పక్కపక్కన దూరితే ఆ సందు ఎక్కువ. చివరిగా దుప్పటి తొడిగి ఒక మూల పట్టుకుని లాగండి. ఊడి వచ్చే దుప్పటి రాత్రి పాప ముఖం మీదికీ వస్తుంది. పాప గట్టి పరుపు మీద అసౌకర్యంగా పడుకుంటుందేమో అని బాధపడకండి. మెత్తటి పరుపు రుచి తెలిసిన మనకే గట్టిది కష్టం, పిల్లలకి కాదు.

క్రిబ్‌ చుట్టూ కట్టే మెత్తల సంగతి. కమ్మీలకి తల కొట్టుకుంటుందనే భయంతో కడతారు. కొట్టుకుంటే చిన్న బొప్పి కడుతుంది, తగ్గిపోతుంది. ఆ మెత్తకీ పరుపుకీ మధ్య ముఖం ఇరుక్కుంటే మాత్రం ప్రాణాపాయం. కట్టిన తాళ్ళు మెడకి చుట్టుకోవడం ఇంకో ప్రమాదం. కాస్త పెద్దయ్యాక పిల్లలు దాని మీద కాలు పెట్టి పైకెక్కుతారు కూడా. అమెరికా 2022లో చట్టం చేసి వీటి అమ్మకాన్నే ఆపేసింది, తలవైపు పది డిగ్రీలకు మించి ఏటవాలుగా ఉండే పడకల్నీ అదే చట్టంతో ఆపింది. సెట్టులో ఉచితంగా ఇచ్చినా సరే, కట్టకండి. క్రిబ్‌ కమ్మీల మధ్య సందు ఆరు సెంటీమీటర్లకు మించకుండా ఉంటే చాలు, ఒళ్ళు జారిపోదు.

తల గుండ్రంగా వస్తుందని అమ్మే నడుమ గుంట ఉన్న దిండ్లు కూడా ఇదే కోవ. తల ఆకారం సరిచేస్తామనే దిండ్లు వాడొద్దని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2022 నవంబరులో ప్రత్యేకంగా హెచ్చరించింది. తల ఒకవైపు చదునవుతుంటే మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, బోర్లా వేసి ఆడించండి. పడుకోబెట్టేటప్పుడు తల పెట్టే దిశ రోజూ మార్చండి. మెడ ఒకవైపే తిప్పుతుంటే డాక్టరుకి చూపించండి. 7 నెలల పాప తనంతట తాను బోర్లా తిరిగితే రాత్రంతా లేచి తిప్పుతూ ఉండక్కర్లేదు. మీరు పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టండి, చుట్టూ మెత్తటివి లేకుండా చూడండి. నిద్రలో కారణం తెలియకుండా జరిగే పసిపిల్లల మరణాల్లో దాదాపు తొంభై శాతం ఆరు నెలల లోపే జరుగుతాయి కాబట్టి మీరు గడ్డు కాలం దాటారు. కానీ ఊపిరాడకపోవడం, ఇరుక్కుపోవడం అనే ప్రమాదాలు ఏడాది నిండేదాకా ఉంటాయి.

ఇక మీకు ఇష్టమైన విషయం, దేనితో చేసింది కొనాలి అన్నది.

పత్తి నాకు తెలిసినంతలో నమ్మకమైనది, కానీ దానికో గుణం ఉంది. పత్తి పరుపు వాడేకొద్దీ అణుగుతుంది, ఒకచోట గట్టిపడి ఇంకోచోట గుంట పడుతుంది. అందుకే మా నాన్నగారి దగ్గరికి ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ ఏకించడానికి తెచ్చేవారు. పసిబిడ్డ కింద ఆ గుంటలు పనికిరావు. చేత్తో నింపిన పత్తి పరుపు తీసుకుంటే పత్తి బాగా దట్టించి ఉండాలి, టాకాలు దగ్గర దగ్గరగా ఉండాలి, నెలకోసారి తిరగెయ్యాలి, గుంట పడిన రోజున మార్చెయ్యాలి. వీలైతే ఒక మూల కుట్టు విప్పి లోపల చూడండి. పొడవైన తెల్లటి పోగులుంటే మంచి దూది. రంగురంగుల పీలికలు, దారపు ముక్కలు కనిపిస్తే అది పాత బట్టల్ని చీల్చి చేసిన తుక్కు. ఆ బట్టలకి ఏ రంగులు, ఏ రసాయనాలు పట్టాయో చెప్పలేం. ఇంకొకటి, పత్తి తడి పీల్చుకుని తొందరగా ఆరదు. లోపలికి మూత్రం దిగితే బూజు పట్టేస్తుంది.

బూరుగు దూది దీనికి పూర్తి వ్యతిరేకం. కాయలోంచి వచ్చే ఆ పోగు లోపల బోలుగా, గాలి నిండి ఉంటుంది. పైన సన్నటి మైనపు పూత ఉంటుంది కాబట్టి నీళ్ళు పీల్చుకోదు. ఒకప్పుడు నీళ్ళలో తేల్చే రక్షణ జాకెట్లలో దీన్నే నింపేవారు. జారిపోయే పోగు కాబట్టి దారంగా వడకడం కష్టం, నింపడానికే వాడతారు. తేలికగా, చల్లగా, ఎంతో మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనమే పాప విషయంలో దాని తప్పు. తల పెట్టగానే దిగిపోతుంది. మీ అత్తగారు మంచి వస్తువే పంపారు, ఇప్పుడు దానికి తగిన బిడ్డ బాబు. పైగుడ్డ దట్టమైన నేతది కాకపోతే సన్నటి పోగులు బయటికొచ్చి ముక్కులో దురద పెడతాయి. పరుపుని వెలుతురులో పెట్టి తట్టి చూడండి. దుమ్ములా లేస్తే మీద ఇంకో దట్టమైన నూలు గలేబు కుట్టించండి. బూరుగు దూదిని ఉతకకూడదు, ఎండలో వేసి దులపాలి. ఇది తొందరగా అంటుకునే పోగు కూడా, మంట దగ్గరికి రానివ్వకండి.

కొబ్బరి పీచుని రబ్బరు పాలతో అతికించి చేసే పలకలు పాప పరుపుకి నేను ఎక్కువగా సూచించేవి. గట్టిగా ఉంటాయి, గాలి ఆడుతుంది, గుంట పడవు. పీచు ఒంటికి గుచ్చుకోకుండా పైన పలచటి పత్తి పొర, దాని మీద గుడ్డ ఉంటే సరిపోతుంది. తడిస్తే బాగా ఆరబెట్టాలి, లేకపోతే వాసన పడుతుంది. పూర్తిగా రబ్బరు పాలతో చేసిన లేటెక్స్ పరుపులైతే గట్టి రకం మాత్రమే చూడండి. 'నేచురల్' అని రాసి సింథటిక్ రబ్బరు కలిపినవి ఉంటాయి, శాతం ఎంతో అడగండి. ఇంట్లో ఎవరికైనా రబ్బరు తొడుగులు, బెలూన్లు పడకపోతే లేటెక్స్ మానెయ్యడమే మంచిది. ఉన్నికి ఒక మంచి గుణం ఉంది, తొందరగా అంటుకోదు, తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. పరుపు పొరల్లో ఉంటే మంచిదే. కానీ బొచ్చు గొర్రె చర్మం బిడ్డ కింద పరచకండి, అదీ మెత్తటి గుంటే.

వెదురు బట్ట అని అమ్మే దుప్పట్లు నున్నగా బాగుంటాయి. కానీ అవి ఎక్కువగా వెదురుని రసాయనాల్లో కరిగించి తీసిన రేయాన్. రేయాన్‌ని వెదురు అని అమ్ముతున్నారని అమెరికాలోని వాణిజ్య సంస్థ 2009లో కొన్ని కంపెనీల మీద చర్య కూడా తీసుకుంది. బట్టగా హాని ఏమీ లేదు, సహజం అనుకుని ఎక్కువ ఖర్చు పెట్టనక్కర్లేదు.

లేబుళ్ళ గురించి అడిగారు. సేంద్రియ బట్టలకి ఇచ్చే జీఓటీఎస్ ముద్రలో 'ఆర్గానిక్' అని ఉంటే అందులో కనీసం 95 శాతం పోగు సేంద్రియ సాగుది. 'ఆర్గానిక్‌తో చేసినది' అని ఉంటే 70 శాతమైనా చాలు. రంగులు, శుద్ధి చేసే రసాయనాల మీద కూడా ఆ ప్రమాణంలో నియమాలున్నాయి. సేంద్రియ రబ్బరు పాలకి అలాంటిదే జీఓఎల్ఎస్ ముద్ర ఉంది. ఓకో-టెక్స్ 100 వేరు. అది సాగుని చూడదు, తయారైన బట్టలో హానికర పదార్థాలు ఎంతున్నాయో పరీక్షిస్తుంది. మూడేళ్ళలోపు పిల్లల వస్తువులకి అందులో మొదటి తరగతి, అంటే అన్నిటికంటే కఠినమైనది. ముడతలు పడకుండా బట్టకి వేసే ఫార్మాల్డిహైడ్ పరిమితి ఆ తరగతిలో కిలోకి 16 మిల్లీగ్రాముల కంటే తక్కువ. పాప దుప్పటికి నేనైతే ఈ ముద్రే ముందు చూస్తాను. కానీ వీటిలో ఏ ముద్రా మీకు పరుపు గట్టిదని చెప్పదు. ఆ సెట్టులోని దిండుకీ మెత్తలకీ కూడా ఆ ముద్రలు ఉండి ఉంటాయి. ముద్ర లేని మామూలు నూలు దుప్పటి అయినా ముడతలు పడని రకం కాకుండా, లేత రంగుది తీసుకుని, వాడే ముందు రెండుసార్లు ఉతికితే మిగిలిన రసాయనం చాలావరకు పోతుంది.

ఫోమ్ అంటే మీకున్న భయం గురించి కూడా చెప్పాలి. కొత్త ఫోమ్ వాసన నాకూ ఇష్టం లేదు. ఒకప్పుడు ఫోమ్‌లో మంట అంటుకోకుండా కలిపిన కొన్ని బ్రోమిన్ రసాయనాలు ఒంట్లో పేరుకుంటాయని తేలి, 2009లో అంతర్జాతీయ ఒప్పందం కింద నిషేధ జాబితాలో చేరాయి. అందుకే పాత ఫోమ్ పరుపు ఎవరైనా ఇస్తే తీసుకోకండి. అయితే పరుపులోంచి విషవాయువులు వచ్చి పిల్లలు చనిపోతారని తిరిగే సందేశాలు నమ్మకండి. 1989లో బ్రిటన్‌లో మొదలైన ఆ వాదనని ఒక నిపుణుల సంఘం పరిశీలించి, ఆధారం లేదని 1998లో తేల్చింది. మీ ముందు మెత్తటి ఆర్గానిక్ పరుపు, గట్టి కొత్త ఫోమ్ పరుపు రెండే ఉంటే, పాపకి గట్టి ఫోమ్‌ది తీసుకుని వారం రోజులు గాలికి ఆరబెట్టి వాడమంటాను. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు, అయినా వార్డులో చూసినదాన్ని బట్టి ఇదే చెప్తాను.

తడి దిగకుండా పరుపు మీద వేసే షీటు ఘాటు ప్లాస్టిక్ వాసన వచ్చే పీవీసీది వద్దు. దాన్ని మెత్తబరచడానికి కలిపే థాలేట్లని పిల్లల వస్తువుల్లో 2008లోనే అమెరికా కట్టడి చేసింది. నూలు బట్టకి వెనక పలచటి పాలియురేథేన్ పొర అతికించినవి దొరుకుతాయి, అవి దుప్పటిలాగే బిగుతుగా తొడుక్కుంటాయి. వదులుగా పరిచే రబ్బరు షీటు వద్దు.

ఇప్పుడొక విషయం దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి. దాచిపెట్టిన దుప్పట్లు, బొంతల మధ్య కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్ గోళీలు, వేస్తుంటారు. ఆ వాసన పట్టిన బట్టల్లో పసిబిడ్డని పడుకోబెట్టకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకి ఆ ఆవిరి తగిలినా ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కామెర్లు ముదురుతాయి. ఆ లోపం చాలా ఇళ్ళలో పరీక్ష చేసేదాకా తెలియదు. ఎండలో వేసినా ఆ వాసన పూర్తిగా పోకపోతే ఆ బట్ట పిల్లలకి వాడకపోవడమే మంచిది. అత్తగారి పరుపు పెట్టెలో అవి వేశారేమో అడగండి.

పాపకి చలి వేస్తుందనిపిస్తే కప్పడం కాకుండా తొడగండి. చేతులు బయటికి ఉండి, కాళ్ళు సంచిలో ఉండే నూలు నిద్ర సంచులు ఇందుకే ఉన్నాయి. మెడ, చేతుల రంధ్రాలు సరిగ్గా ఉండాలి, తల లోపలికి జారకూడదు. బరువు నింపినవి వద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 సూచనల్లో స్పష్టంగా ఉంది. చేతులు చల్లగా ఉన్నాయని ఇంకో పొర వెయ్యకండి, పిల్లల చేతులు మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. చెమట ఉంటే ఒక పొర తీసెయ్యండి. నిద్రలో టోపీ వద్దు.

బాబు విషయం తేలిక. మూడేళ్ళ పిల్లాడికి బూరుగు పరుపు, పలచటి దిండు, తేలికపాటి నూలు దుప్పటి అన్నీ వాడొచ్చు. దిండు చిన్నది, నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు చాలు. పడుకున్నప్పుడు గడ్డం ఛాతీకి ఆనుకుంటుంటే దిండు ఎత్తుగా ఉన్నట్టు. గింజలు, పూసలు నింపినవి వద్దు, కుట్టు ఊడితే నోట్లోకి, ముక్కులోకి పోతాయి. పొద్దున్నే తుమ్ములు, ముక్కు దురద ఉంటే దూది మీద కంటే ముందు దుమ్ము పురుగుల మీద అనుమానపడండి. కంటికి కనిపించని ఆ పురుగులు తేమలో పెరుగుతాయి. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్ళలో ఉతికితే చస్తాయి, పరుపుని ఎండలో బాగా ఆరనిస్తే తేమ పోయి తగ్గుతాయి. బాబు పరుపు మీద పాపని పగటి కునుక్కి కూడా పడుకోబెట్టకండి. అలసిపోయిన మధ్యాహ్నాల్లో జరిగే పొరపాటు అది.

అత్తగారికి ఎలా చెప్పాలో అని టెన్షన్ పడుతున్నట్టున్నారు. పరుపు బాగోలేదని చెప్పాల్సిన పని లేదు, బాబు దాని మీద హాయిగా పడుకుంటున్నాడని ఫోటో పంపండి. పాప కోసం నాలుగు నూలు దుప్పట్లు కుట్టి పెట్టమని ఆవిణ్ణి అడగండి, వాటి అవసరం మీకు నిజంగా రోజూ ఉంటుంది. గుడ్డని కత్తిరించే ముందే ఒకసారి ఉతికి ఆరెయ్యమనండి, లేకపోతే తర్వాత కుంచించుకుపోయి మూలలు ఊడతాయి. పరుపు 130 సెంటీమీటర్ల పొడవు, 70 వెడల్పు, 10 మందం ఉందనుకోండి. పక్కలకి దిగడానికి 10, కిందికి మడవడానికి 10 చొప్పున నాలుగు వైపులా కలిపితే గుడ్డ 170కి 110 కావాలి, అంచు కుట్టుకి ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు. ఎలాస్టిక్ నాలుగు మూలల్లో మాత్రమే కాకుండా చుట్టూ వెయ్యమనండి, అప్పుడు పాప ఎంత దొర్లినా దుప్పటి కదలదు.